బుట్ట లెక్క వేరు.. కాయ లెక్క వేరు
కాఫీ తోటల్లో ఎర్ర బుట్టలు ఏం చెప్తాయి, ఏం చెప్పలేవు? అరకు కొండకు, కొరాపుట్ కొండకు మధ్య పురుగుకు చెక్‌పోస్టు లేదు

ఆవగింజంత పురుగు. నల్లగా ఉంటుంది. చేతి మీద వాలితే మసి నలుసు అనుకుని దులిపేసుకుంటాం. 2025 ఆగస్టు చివర్లో అల్లూరి సీతారామరాజు జిల్లా అరకులోయ మండలం చినలబుడు పరిసరాల్లో కాఫీ కాయలకు సూదితో గుచ్చినట్టు చిల్లులు కనబడ్డాయి. కాయ చీల్చి చూస్తే లోపల ఈ నలుసే. కాఫీ బోర్డు శాస్త్రవేత్తలు దాన్ని కాయతొలుచు పురుగుగా తేల్చారు. బెర్రీ బోరర్ అని తోటల్లో పిలిచేది దీన్నే. తూర్పు కనుమల కాఫీకి అప్పటిదాకా లేని బెడద అది. పురుగు పట్టిన కాయలను కోసి, వేడినీళ్లలో ముంచి, గొయ్యి తీసి పూడ్చారు. పోగొట్టుకున్న కాయకు కిలోకు 50 రూపాయల పరిహారం ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది.

ఇదంతా కొండకు ఆవలి వైపు సంగతి. ఈవలి వైపు నందపూర్, పాడువా, పొట్టంగి, సిమిలిగుడ, లమతాపుట్. ఇక్కడా కాఫీయే. అదే సిల్వర్ ఓక్ నీడ, అదే మిరియాల తీగ. మాచ్‌ఖండ్ జలాశయంలోకి కొండమట్టి కొట్టుకురాకుండా ఒడిశా ప్రభుత్వ భూసార పరిరక్షణ శాఖ వేసిన తోటలు కొన్నయితే, ఆ తర్వాత గిరిజన రైతులు ఎకరా, రెండెకరాల్లో వేసుకున్నవి ఇంకొన్ని. కొత్తవలస - కిరండూల్ రైలు అరకులో ఆగుతుంది, పాడువాలో ఆగుతుంది, కొరాపుట్‌లో ఆగుతుంది. గోనె సంచి ఎక్కడైనా ఎక్కుతుంది, ఎక్కడైనా దిగుతుంది.

అప్పటినుంచి తోటల్లో వినబడుతున్న మాట ఒకటే- బుట్టలు. ఎర్ర రంగు గరాటు, కింద నీళ్ల డబ్బా, మధ్యలో మందు సీసా. చెట్ల మధ్య కట్టేస్తే పురుగు వచ్చి పడుతుంది. ఎన్ని పడ్డాయో లెక్కపెడితే పంట ఎంత పోతుందో ముందే తెలిసిపోతుందని చాలామంది నమ్మకం. ఆ నమ్మకంలో సగం నిజం ఉంది. మిగతా సగమే రైతును ముంచేది.

పత్తి బుట్ట కాదిది

రాయగడ, గుణుపూర్ వైపు పత్తి వేసే తెలుగు రైతులకు లింగాకర్షక బుట్టలు కొత్త కాదు. గులాబీ రంగు పురుగుకు ఒక లెక్క కూడా ఉంది. బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే మందు కొట్టే వేళయిందని అర్థం. ఆ అంకె పల్లెల్లో నోటికి వచ్చింది. కాఫీకి కూడా అలాంటి అంకె చెప్పేయండి, గోల వదిలిపోతుంది అనుకోవడం సహజం.

అయితే రెండు బుట్టలకూ పోలిక పేరులోనే. పత్తి బుట్టలో ఉండేది ఆడపురుగు వాసన. దానికి మోసపోయి మగపురుగులు వస్తాయి. కాఫీ బుట్టలో ఉండేది ఆ వాసన కాదు, మిథనాల్, ఇథనాల్ అనే రెండు రకాల ఆల్కహాల్ మిశ్రమం. పండిన కాఫీ కాయ నుంచి వచ్చే వాసనను తలపించే ఘాటు. దానికి వచ్చి పడేవి ఆడపురుగులే. మగ వాటికి ఎగరడం చేతకాదు. పుట్టిన కాయలోనే తోబుట్టువులతో జతకట్టి, అక్కడే చచ్చిపోతాయి. పది ఆడ పురుగులకు ఒక మగది ఉంటే ఎక్కువ. కాయలోంచి బయటికొచ్చిన ప్రతి ఆడపురుగూ అప్పటికే గుడ్లు పెట్టడానికి సిద్ధమై ఉంటుందన్నమాట. దానికి కావలసింది జంట కాదు, ఇంకో కాయ.

ఈ బుట్టకు బ్రోకా ట్రాప్ అని పేరు. స్పానిష్‌లో బ్రోకా అంటే వడ్రంగి బరమా. దక్షిణ అమెరికా కాఫీ దేశాల్లో పురుగు పేరూ అదే. కాయ అడుగున బొడ్డులా ఉండే చోట బరమా పెట్టినట్టే గుండ్రంగా తొలిచి లోపలికి పోతుంది మరి.

ఆఫ్రికా నుంచి అరకు దాకా

పురుగు సొంత ఊరు మధ్య ఆఫ్రికా. కాఫీ ఎక్కడికి పోతే అక్కడికి వెనకే పోయింది. బ్రెజిల్‌కు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చేరింది. కొలంబియాలో 1988లో, హవాయి దీవుల్లో 2010లో కనబడింది. మన దేశంలో 1990లో నీలగిరి జిల్లా గూడలూరు దగ్గర బయటపడింది. అక్కడి నుంచి వయనాడ్, కొడగు, తర్వాత మిగతా కర్ణాటక తోటలు. ఆ రోజుల్లో కొడగు తోటల్లో ఎండోసల్ఫాన్ కొట్టారు. ఆ మందు తర్వాత ఎంత గొడవ తెచ్చిందో తెలిసిందే. 2011లో సుప్రీంకోర్టు ఆపించేసింది. పైగా న్యూ కాలెడోనియా దీవిలో ఈ పురుగు ఎండోసల్ఫాన్‌ను తట్టుకోవడం అంతకు ముందే నేర్చేసింది.

ఇన్నేళ్లలో తూర్పు కనుమలు దీన్నుంచి తప్పించుకున్నాయంటే అది దూరం పుణ్యమే. నల్లమల, గోదావరి, మధ్యలో కాఫీ లేని వందల కిలోమీటర్లు. పురుగు తన రెక్కలతో అంత దూరం దాటలేదు. అది దూరాలు దాటేది సంచుల్లో, పండ్ల బుట్టల్లో, విత్తన కాయల్లో, లారీ చెక్కల సందుల్లో. అరకుకు ఎవరి సంచిలో వచ్చిందన్న చర్చ చాలానే జరిగింది. దానివల్ల ఒరిగేది తక్కువ. అరకు నుంచి ఇంకెక్కడికి, ఎవరి సంచిలో పోతుందన్నదే అసలు సంగతి.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఏడాది పొడవునా పురుగు ఎక్కడుంటుందో చూస్తే బుట్ట సంగతి అర్థమవుతుంది. ఈ కొండల్లో కాఫీకి పూత మార్చి, ఏప్రిల్ జల్లులకు వస్తుంది. కోత నవంబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా సాగుతుంది. కోత అయ్యాక చెట్టు కొమ్మలకు అక్కడొకటి అక్కడొకటి ఎండుకాయలు మిగులుతాయి. కింద ఆకుల చెత్తలో రాలినవి ఉంటాయి. ఒక్కో ఎండుకాయలో పదుల కొద్దీ ఆడపురుగులు ఎండ తగ్గేదాకా నక్కి ఉంటాయి. వేసవి వాన ఒకటి పడి, కాయ నాని, మధ్యాహ్నం వేడి తగిలితే అన్నీ ఒక్కసారి బయటపడి ఎగురుతాయి.

ఆ సమయంలో చెట్టు మీద తినదగ్గ కాయ లేదు. కొత్త పిందె అప్పుడే కడుతోంది. కడుపుతో ఉన్న పురుగు ఆకలితో, ఆశ్రయం కోసం వెతుకుతూ ఉంటుంది. అప్పుడు ఎర్ర బుట్ట వాసన కొడితే పరుగెత్తుకొస్తుంది. బుట్టకు నిండుగా పడేది అప్పుడే. చూసినవాళ్లు గుండె బాదుకునేదీ అప్పుడే.

జూలై, ఆగస్టుకు వచ్చేసరికి కథ మారుతుంది. పూసిన నాలుగు నెలలు దాటాక కాయలో గింజ గట్టిపడుతుంది. పురుగుకు అసలు కావలసిన తిండి అది. ఇప్పుడు చెట్టు నిండా వేల కాయలు, నిజమైన వాసన. మధ్యలో ఒక సీసా వాసన ఏం పనిచేస్తుంది? బుట్టలో పడే సంఖ్య తగ్గిపోతుంది. రైతు బుట్ట చూసి 'అమ్మయ్య, తగ్గింది' అనుకుంటాడు. నిజానికి పురుగు తగ్గలేదు. బుట్ట వదిలి కాయలోకి పోయింది. పంటకు చేటు చేసే వేళకు బుట్ట నోరు మూసుకుంటుంది. ఈ ఒక్క ముక్క అర్థం కాకపోతే బుట్ట కట్టడం కంటే కట్టకపోవడమే మేలు, లేని ధైర్యమైనా ఉండదు.

చినలబుడు సంగతి బయటపడింది ఆగస్టు చివర్లో. కేలండరు చూస్తే అది గింజ గట్టిపడే కాలమే. కాయకు చిల్లు కంటికి కనబడే సమయానికి పురుగు ఆ తోటకు కొత్త చుట్టం కాదు, అప్పటికే కాపురం పెట్టేసింది. వేసవి జల్లుల్లో ఎగిరేటప్పుడు పట్టుకుంటే పదుల్లో దొరికేది, కాయలోకి దూరాక ఊరంతా వెతకాల్సి వస్తుంది. ఒక తరం పెరగడానికి నెల రోజులు చాలు. ఆడపురుగు పెట్టిన గుడ్లలో పది పిల్లలే బతికాయనుకున్నా నెలకు పది, రెండు నెలలకు వంద, మూడు నెలలకు వెయ్యి. ఆగస్టు నుంచి నవంబరు కోతకు మధ్య మూడు నెలలు ఉన్నాయి.

లెక్క తప్పడానికి ఇంకా చిల్లర కారణాలు బోలెడు. సీసాలో మందు ఎండలో ఆవిరైపోతుంది, ఎవరూ నింపరు. బుట్ట చెట్టు కొమ్మల్లో దాక్కుంటే ఒక లెక్క, బాట పక్కన గాలికి కడితే ఇంకో లెక్క. పక్కవాడు రాలిన కాయలు ఏరకపోతే వాడి పురుగులన్నీ ఇటు పడతాయి. ఇది చాలదన్నట్టు ఆల్కహాల్ వాసనకు కాఫీ పురుగు ఒక్కటే రాదు. చచ్చిన కొమ్మలను, కట్టెలను తొలిచే దాని దాయాదులు కూడా వచ్చి పడతాయి. అన్నీ నల్లవే, అన్నీ నలుసులే. భూతద్దం లేకుండా, చూపించి నేర్పేవాళ్లు లేకుండా లెక్కపెడితే అడవి పురుగులను కూడా కాఫీ ఖాతాలో రాసేస్తారు.

అందుకే బుట్టకు ఇన్ని పడితే కాయ ఇంత శాతం పోతుంది అని ఎక్కడైనా పనికొచ్చే అంకె కాఫీకి కుదరలేదు. దశాబ్దాల తరబడి దీనితో కుస్తీ పట్టిన కొలంబియా కూడా మందు కొట్టాలా వద్దా అన్నది బుట్ట చూసి కాదు, కాయ చూసే తేల్చుకుంటుంది.

కాయ లెక్క ఇలా

పద్ధతి పెద్ద చదువేమీ కాదు. తోటలో అడ్డంగా, పొడుగ్గా నడుస్తూ 30 చెట్లు ఎంచుకోవాలి. ఒక్కో చెట్టుకు నడుము ఎత్తులో ఒక కొమ్మ. ఆ కొమ్మకు కాయలెన్ని, వాటిలో చిల్లు పడినవి ఎన్ని- రెండే లెక్కలు. కొమ్మకు 50 కాయల చొప్పున 30 చెట్లకు 1,500 కాయలు అవుతాయి. అందులో 30 కాయలకు చిల్లు ఉంటే నూటికి రెండు. కొలంబియాలో చేతులు కదిలించాల్సిన గీత అదే, 2 శాతం.

అక్కడితో ఆగకూడదు. చిల్లు పడిన కాయలు కొన్ని కోసి బ్లేడుతో చీల్చి చూడాలి. పురుగు ఇంకా గుజ్జులోనే, గుమ్మంలోనే ఉందా? గింజలోకి పోయిందా? గుమ్మంలో ఉంటే బవేరియా బాసియానా అనే శిలీంధ్రం పొడి కలిపి పిచికారీ చేస్తే తగులుతుంది. గింజలోకి పోయిందంటే ఏ మందూ అందదు. ఆ కాయ కోసి వేడినీళ్లలో వేయాల్సిందే. గింజ ఇంకా పాలమీద ఉన్నప్పుడు తొలిచిన పురుగు వెంటనే లోపలికి పోకుండా సందులోనే కాచుకుని ఉంటుంది. రైతుకు దొరికే వ్యవధి ఆ కొన్ని రోజులే. అరకు కాఫీకి, కొరాపుట్ కాఫీకి పేరు వచ్చింది రసాయనాలు వాడని పంటగా. ఆ వ్యవధి దాటిపోయి, భయంతో ఎవరో దుకాణంలో ఇచ్చిన డబ్బా తెచ్చి కొట్టేస్తే పురుగు చావకపోగా పేరు చస్తుంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒడిశా గిరిజన అభివృద్ధి సహకార సంస్థ కొరాపుట్ కాఫీని సొంత బ్రాండుగా అమ్మడం మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ మార్కెట్‌లో అరబికా ధర ఎన్నడూ లేనంత పైకి పోయింది. ధర దొరికే రోజుల్లోనే పురుగు రావడం రైతు తలరాత.

మరి బుట్ట ఎందుకు?

ఇంత చెప్పాక బుట్టలు దండగ అనుకుంటే అదీ పొరపాటే. ఎంత పోతుందో బుట్ట చెప్పలేదు. ఎప్పుడు మొదలవుతుందో మాత్రం దానిలా చెప్పేది ఇంకొకటి లేదు. వారం వారం ఒకే చోట, ఒకే ఎత్తులో, మందు నింపి ఉంచిన బుట్టలో సున్నా, సున్నా, మూడు, నలభై అని పడుతూ వస్తే.. ఆ నలభై పడిన వారమే ఎగురుడు మొదలైన వారం. ఆ తేదీ, దానికి పూసిన తేదీ పక్కన పెట్టుకుంటే కాయ లెక్క ఏ వారం నుంచి మొదలెట్టాలో తెలుస్తుంది. నలభైయా, నాలుగొందలా అన్నది అంత ముఖ్యం కాదు. పెరుగుతోందా, ఆగిందా అన్నదే ముఖ్యం.

పురుగు ఇంకా చేరని తోటల్లో బుట్టకు మరో పని, అసలు పని ఉంది. అక్కడ అది జోస్యం చెప్పేది కాదు, కాపలా కాసేది. కాపలా బుట్ట తోట నడిమధ్యలో కట్టి లాభం లేదు. దొంగ వచ్చే దారిలో కట్టాలి. కాఫీ సంచులు దింపే రైల్వేస్టేషన్ పక్క, పల్పింగ్ యంత్రాలుండే చోట, కొనుగోలు కేంద్రాల చుట్టూ, కుందులి లాంటి పెద్ద సంతలకు పోయే రోడ్ల పక్క తోటల్లో, అరకు నుంచి పాడువా వైపు వచ్చే దారి పొడుగునా. ఒక్క పురుగు పడినా అది వార్తే. ఎన్ని అని అడగక్కర్లేదు.

ఇక్కడా ఒక మెలిక ఉంది. ఒక బుట్టలో సున్నా పడిందంటే పురుగు లేదని కాదు, ఆ బుట్ట చూడలేదని మాత్రమే. మార్చి నుంచి జూన్ దాకా చాలా బుట్టల్లో, చాలా వారాలు సున్నా పడి, తర్వాత కాయ లెక్కలోనూ సున్నా వస్తే అప్పుడు కాస్త నమ్మవచ్చు. పేపరు మీద రాసిపెట్టని సున్నాకు విలువ లేదు. ఆ వారం బుట్ట చూడనే లేదేమో ఎవరికి తెలుసు?

సీసాతో జాగ్రత్త

ఖాళీ కూల్‌డ్రింక్ సీసాకు కిటికీ కోసి, ఎర్ర రంగు పూసి ఇంట్లోనే బుట్ట చేసుకోవచ్చని చెప్పేవాళ్లున్నారు. చాలా దేశాల్లో పేద రైతులు చేసేది అదే, పనిచేస్తుంది కూడా. మన దగ్గర ఇబ్బంది సీసాతో కాదు, లోపలి మందుతో. మిథనాల్ చూడటానికి నీళ్లలా ఉంటుంది, వాసన సారాలా ఉంటుంది. కొద్దిగా తాగినా కళ్లు పోతాయి, ప్రాణం పోతుంది. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచిలో 60 మందికి పైగా చనిపోయింది మిథనాల్ కలిసిన సారా వల్లే. అలాంటిదాన్ని క్యాన్లలో కొండ ఊళ్లకు పంపి, ఎవరికి వారు కలుపుకోండి అంటే పురుగు కంటే ముందు మనుషులు పోతారు. సీలు వేసిన చిన్న గొట్టాల్లోనే ఇవ్వాలి. నింపే పని ఊరికొకరికి అప్పగించాలి. ఈ విషయంలో పొదుపు పనికిరాదు.

రెండు రాష్ట్రాలు.. ఒకే కొండ

బుట్ట నుంచి, కాయ నుంచి వచ్చే అంకెలు ఎవరి దగ్గర కలుస్తాయన్నది తర్వాతి ప్రశ్న. ఆవల పాడేరు ఐటీడీఏ, జీసీసీ. ఈవల ఒడిశా గిరిజన సహకార సంస్థ, భూసార పరిరక్షణ శాఖ. ఎవరి రిజిస్టరు వాళ్లది. ఎవరి భాష వాళ్లది. అదృష్టం ఏమిటంటే రెండు వైపులా ఉన్న కాఫీ బోర్డు మాత్రం ఒక్కటే. అది కేంద్ర వాణిజ్య శాఖ కింద బెంగళూరు నుంచి నడిచే సంస్థ. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో దాని పరిశోధన కేంద్రం ఉంది, కొరాపుట్‌లో కార్యాలయం ఉంది. పూత నుంచి కోత దాకా వారానికో కాగితం- ఏ ఊరి బుట్టలో ఎప్పుడు మొదలైంది, ఏ ఊరి కాయలో ఎంత శాతం- తెలుగులో, ఒడియాలో కలిపి అతికిస్తే రెండు రాష్ట్రాల ఒప్పందాల కోసం ఎదురుచూసే పని లేదు. సంతల్లో, రేషన్ డిపోల దగ్గర, రైల్వేస్టేషన్లలో అతికిస్తే చాలు. చదువు రానివాళ్లకు చదివి చెప్పేవాళ్లు సిమిలిగుడలోనూ ఉన్నారు, జైపూర్‌లోనూ ఉన్నారు. కాయ కొనే దుకాణాల్లో, లారీ ఆఫీసుల్లో కూర్చునే తెలుగువాళ్లు ఈ పనిలో కలిసొస్తే సగం ప్రచారం జరిగిపోయినట్టే. వాళ్ల సంచుల లెక్క కూడా అందులోకి రావాలనుకోండి, అది వేరే సంగతి.

సంచుల సంగతి నిజంగానే చూడాల్సింది. పరిహారం కొండకు ఒకవైపు ఉండి, ఇంకోవైపు లేకపోయినా, రెండువైపులా రేట్లు తేడాగా ఉన్నా పురుగు కాయ డబ్బులొచ్చే వైపుకు నడుస్తుంది. ఎవరిదీ తప్పు అనలేం. పంట పోయినవాడు కిలోకు 50 రూపాయలు ఎక్కడ దొరికితే అక్కడికి పోతాడు. కాని ఆ మూట మోసుకెళ్లే దారి పొడుగునా పురుగు రాలుతూ పోతుంది. పాతిపెట్టాల్సిన కాయ ఏ ఊళ్లో కోస్తే ఆ ఊళ్లోనే వేడినీళ్లలో పడాలి. తూకం కూడా అక్కడే వేయాలి. పరిహారం విషయంలో భువనేశ్వర్, అమరావతి ఒకే మాట మీద ఉండాల్సిన అవసరం అందుకే.

ఇంకో భయం కూడా ఉంది. కాయలో చిల్లు చూసిన రైతు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తాడు. చెప్తే తోటంతా కోసేస్తారేమో, ఈ ఏడాది పంట కొనరేమోనని దిగులు. అప్పుడు బుట్ట ఒక విధంగా ఉపకారి. ఊరి బుట్టలో పడితే ఊరి పేరు వస్తుంది గాని, ఒక మనిషి పేరు రాదు. నేరం ఒకరి మీద పడనప్పుడే నిజం త్వరగా బయటికొస్తుంది.

ఏరేవాళ్లకు కూలి

ఎన్ని బుట్టలు కట్టినా వేసవిలో ఎగిరే పురుగును పుట్టించేది కోత తర్వాత మిగిలిపోయిన కాయే. చివరి కోతలో చెట్టు మీద ఒక్క కాయ లేకుండా దులిపి, కింద పరదా పరిచి, రాలినవి ఏరి, పార్చ్‌మెంటును తేమ 10 శాతానికి దిగేదాకా ఎండబెడితే బుట్టకు పని సగం తగ్గుతుంది. కొడగు తోటల్లో ఇన్నేళ్ల అనుభవం చెప్పేదీ, హవాయిలో చెప్పేదీ ఇదే. పెద్ద ఎస్టేటులో మేస్త్రీ ఉంటాడు, కూలీలను పెట్టి ఏరిస్తాడు. ఇక్కడ ఎకరం తోట ఉన్న ఇంట్లో ఆలుమగలే కూలీలు. ఫిబ్రవరి వచ్చేసరికి వాళ్లకు వేరే పనులుంటాయి. చింతపండు, ఇప్పపువ్వు, పసుపు.

పరిహారం లెక్క ఇక్కడే తప్పుతోంది. కిలోకు 50 అంటే ఆగస్టులో పచ్చికాయ కోసి పారేసినవాడికి ఎంతో కొంత దక్కుతుంది. అదే ఫిబ్రవరిలో రోజంతా వంగి కింద ఆకులు తిరగేస్తూ ఎండుకాయ ఏరితే సాయంత్రానికి రెండు మూడు కిలోలైనా తూగడం కష్టం. కిలో లెక్కన వచ్చే డబ్బు పూట కూలికి కూడా సరిపోదు. అయినా ఆ రెండు కిలోల్లో ఉన్న పురుగే ఏప్రిల్ జల్లుకు లేచి, ఆగస్టుకు క్వింటాళ్లు పాడుచేస్తుంది. ఏరే పనికి కిలో లెక్కన కాకుండా రోజు కూలి లెక్కన ఇస్తే, అదీ కోత ముగిసిన నెలలోనే, పూతకు ముందే ఇస్తే, బుట్టల మీద పెట్టే ఖర్చులో చాలా భాగం అక్కర్లేకుండా పోతుంది. అరకు వైపు ఐటీడీఏ, కొరాపుట్ వైపు జిల్లా యంత్రాంగం కోత బిల్లులతో పాటే ఈ కూలి పద్దు కూడా వేసుకోవాలి. వేసవి జల్లు పడ్డాక ఏరితే కాయ దొరుకుతుంది గాని, లోపల పురుగు ఉండదు.